ఆరేళ్ల మెదడు ముందు ఒకటో తరగతి

'త', 'ట' ధ్వనుల మధ్య తేడాను తెలుగు ఇంట్లో పుట్టిన బిడ్డకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఇంగ్లిషు మాత్రమే వింటూ పెరిగిన పెద్దవాళ్లకు మాత్రం ఎన్నిసార్లు పలికి వినిపించినా ఆ తేడా సులువుగా అందదు. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు కెనడా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1984లో ప్రచురించిన ప్రయోగం సరిగ్గా ఈ రెండు ధ్వనుల మీదే జరిగింది. ఇంగ్లిషు మాట్లాడే ఇళ్లలోని పసివాళ్లకు హిందీలోని త, ట శబ్దాలను వినిపించారు. శబ్దం మారినప్పుడు బిడ్డ తల తిప్పితే పక్కనున్న పెట్టెలో బొమ్మ వెలిగి ఆడుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో ఎక్కువమంది ఆ మార్పును పట్టేశారు. పది, పన్నెండు నెలల మధ్య పిల్లల్లో పట్టగలిగినవాళ్లు చాలా కొద్దిమంది. హిందీ వినిపించే ఇళ్లలోని ఏడాది పిల్లలకు మాత్రం ఆ శక్తి చెక్కుచెదరలేదు.

మొదటి పుట్టినరోజు నాటికే మెదడు తన చుట్టూ వినిపించే భాషకు తగ్గట్టు సర్దుకుంటోందన్నమాట. అప్పటికి బడి ఇంకా అయిదేళ్ల దూరంలో ఉంటుంది. ఆ అయిదేళ్లలో మెదడులో ఏం జరుగుతుంది, ప్రాథమిక పాఠశాలలో చదువు చెప్పే తీరు దాన్నిబట్టి ఎలా ఉండాలి అనే ప్రశ్న మీద గత నలభై, యాభై ఏళ్లలో పరిశోధన విపరీతంగా సాగింది. అందులో గింజా ఉంది, తాలూ ఉంది. తాలును చెరగకుండా 'మెదడు శాస్త్రం చెప్పింది' అంటూ బడికి మోసుకొస్తే నష్టపోయేది పిల్లలే.

ముందుగా గట్టిగా తెలిసిన సంగతులు. పుట్టినప్పుడు బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడులో సుమారు నాలుగో వంతు ఉంటుంది. అయిదేళ్లు వచ్చేసరికి తొంభై శాతానికి చేరుతుంది. పరిమాణం కన్నా ముఖ్యమైనవి న్యూరాన్ల మధ్య ఏర్పడే సంబంధాలు, అంటే సినాప్స్‌లు. చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ హుటెన్‌లాకర్ వీటిని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. అప్పుడే పుట్టిన బిడ్డల నుంచి తొంభై ఏళ్ల వృద్ధుల దాకా, చనిపోయినవారి మెదళ్ల నుంచి తీసిన ముక్కలను పరిశీలించి 1979లో ఫలితాలు ప్రకటించారు. నుదుటి వెనక భాగంలో ఏడాది, రెండేళ్ల వయసులో సినాప్స్‌ల సాంద్రత పెద్దవాళ్లకంటే దాదాపు యాభై శాతం ఎక్కువ. ఆ తర్వాత అది కౌమారం దాకా తగ్గుతూ వస్తుంది. వాడుకలో ఉన్నవి బలపడతాయి, లేనివి రాలిపోతాయి. చూపు, వినికిడి భాగాల్లో ఈ ఏరివేత ముందుగా మొదలవుతుంది. ఆలోచనను, నిగ్రహాన్ని నడిపే నుదుటి భాగంలో చాలా ఆలస్యంగా, ఇరవైలు దాటేవరకూ పక్వత సాగుతూనే ఉంటుంది.

ఈ పరిశోధన నుంచి జనంలోకి వచ్చిన అర్థం వేరు. సినాప్స్‌లు ఎక్కువగా ఉన్నప్పుడే అన్నీ నేర్పేయాలి, మూడేళ్లు దాటితే తలుపు మూసుకుపోతుంది అనే భయం 1990ల్లో అమెరికాలో పుట్టి ప్రపంచమంతా పాకింది. దానికి గట్టి సమాధానం చెప్పినవాడు జాన్ బ్రూవర్. 1997లో రాసిన వ్యాసంలోనూ, 1999లో తెచ్చిన 'ది మిత్ ఆఫ్ ది ఫస్ట్ త్రీ ఇయర్స్' పుస్తకంలోనూ ఆయన వాదన ఒకటే: సినాప్స్‌ల లెక్క నుంచి నేరుగా తరగతి గదికి వంతెన వేయలేం. సినాప్స్‌లు ఎక్కువుంటే తెలివి ఎక్కువని ఎవరూ నిరూపించలేదు. ఏరివేత జరిగే ఏళ్లలోనే పిల్లలు చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకుంటున్నారు. బ్రూవర్ వాదన ఇప్పటికీ నిలబడే ఉంది. భారత జాతీయ విద్యా విధానం 2020లో మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని రాసుకున్నారు. ఆరేళ్లలోపు పిల్లల మీద ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టడానికి ఆ వాక్యం పనికొస్తే మంచిదే. నాలుగేళ్ల పిల్లలకు గుణింతాలు బట్టీ పట్టించడానికి సాకుగా మారితే మాత్రం దాన్ని వ్యతిరేకించాల్సిందే.

తలుపు మూసుకుపోతుందనే మాటకు మూలం పిల్లి కూనల మీద జరిగిన ప్రయోగాలు. పుట్టిన కొన్ని వారాల్లో కూన కన్ను ఒకటి మూసి ఉంచితే, తర్వాత తెరిచినా మెదడు దాన్ని పట్టించుకోదని డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ చూపించి 1981 నోబెల్ బహుమతి పంచుకున్నారు. మనుషుల విషయంలో లెక్క ఇంత కఠినంగా లేదని చూపింది భారతదేశమే. ఎంఐటీ ఆచార్యుడు పవన్ సిన్హా నడిపిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో పుట్టుకతో శుక్లాలున్న పిల్లలకు ఎనిమిది, పది, పదిహేనేళ్ల వయసులో ఆపరేషన్లు చేయించారు. కట్టు విప్పిన తొలి రోజుల్లో, చేత్తో తడిమి గుర్తుపట్టిన వస్తువును కళ్లతో చూసి గుర్తుపట్టలేకపోయారు. కొద్ది కాలానికే ఆ పని నేర్చుకున్నారు. చూపులో పదును పూర్తిగా రాలేదు గానీ, నేర్చుకునే శక్తి పోలేదు.

రుమేనియాలో ఇంకో కోణం కనిపిస్తుంది. 1989లో చౌషెస్కూ పాలన కూలిపోయాక అక్కడి అనాథాశ్రమాల దుస్థితి బయటపడింది. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా బుకారెస్ట్‌లో 136 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. వారిలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. సుమారు రెండేళ్లలోపు కుటుంబంలోకి చేరినవాళ్లు, ఆలస్యంగా చేరినవాళ్లకంటే మెరుగ్గా కోలుకున్నారు. అక్కడి పిల్లలకు తిండి, పక్క దొరికినా తమవైపు చూసి, నవ్వి, పలికే ఒక మనిషి దొరకలేదు. తొలి ఏళ్లు ముఖ్యమన్న మాటకు అసలైన అర్థం ఇక్కడ ఉంది. పసి మెదడు ఎదురుచూసేది మామూలు మానవ సంసర్గం కోసం, అదనపు పాఠాల కోసం కాదు.

మసాచుసెట్స్‌లో 2018లో జరిగిన ఒక పరిశోధన దీన్ని తరగతి గదికి దగ్గరగా తెచ్చింది. రేచెల్ రోమియో బృందం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల ఇళ్లలో వినిపించే మాటలను రికార్డు చేసింది. భాషను నడిపే మెదడు భాగం చురుకుదనానికీ, పిల్లలు విన్న మొత్తం మాటల సంఖ్యకూ పెద్ద పొంతన కనబడలేదు. పెద్దవాళ్లతో పిల్లలకు ఎన్నిసార్లు మాటకు మాట నడిచిందన్నదే లెక్కకు వచ్చింది. కుటుంబ ఆదాయాన్ని పక్కనపెట్టి చూసినా ఈ సంబంధం నిలిచింది. అమ్మమ్మ అడిగే 'ఇవాళ బళ్లో ఏం చేశావురా?' అన్న ప్రశ్నకు జవాబు వినే ఓపిక ఉన్న ఇల్లు, ఖరీదైన బొమ్మలున్న ఇల్లుకన్నా పిల్లవాడికి ఎక్కువ మేలు చేస్తుందని అనుకోవడానికి ఇది బలమైన ఆధారం.

మాటతో పాటు తిండి. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టొఫర్ కుజావా బృందం 2014లో వేసిన లెక్క ప్రకారం, అయిదేళ్ల వయసుకు అటూ ఇటూగా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తిలో మూడింట రెండు వంతుల దాకా మెదడే తీసుకుంటుంది. జీవితంలో మరే దశలోనూ మెదడుకు ఇంత ఆకలి ఉండదు. ఇప్పుడు మన అంకెలు చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. నేర్చుకునే మెదడుకు ఇనుము అవసరం. అంగన్‌వాడీలో ఇచ్చే కోడిగుడ్డూ, బడిలో పెట్టే మధ్యాహ్న భోజనమూ చదువుకు తోకలాంటి పథకాలు కావు. అవి చదువులో భాగం.

తిండి తర్వాత ఆట. అది ఏం చేయగలదో జమైకా చూపించింది. కింగ్‌స్టన్ పేటల్లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసివాళ్లను శాలీ గ్రంథమ్-మెక్‌గ్రెగర్ 1980ల్లో ఎంచుకున్నారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారానికోసారి వెళ్లి, తల్లులకు పిల్లలతో ఎలా ఆడాలో, ఎలా కబుర్లు చెప్పాలో చూపించారు. బొమ్మలు ఇంట్లో దొరికే వస్తువులతో చేసినవే. ఇరవై ఏళ్లకు లెక్క చూస్తే ఆ పిల్లల సంపాదన మిగతావారికంటే పాతిక శాతం ఎక్కువ. మన దగ్గరైతే తమిళనాడు అంగన్‌వాడీల్లో జరిగిన ప్రయోగం చెప్పుకోదగ్గది. పిల్లలకు ఆటపాటలు, మాటలు నేర్పడానికి కేంద్రానికి ఒక సహాయకురాలిని పూటపని మీద అదనంగా నియమించారు. కార్తీక్ మురళీధరన్, అతని సహచరుల అంచనా ప్రకారం చదువుకు దొరికే సమయం రెట్టింపయింది, భాషా గణితాల్లో పిల్లలు స్పష్టంగా ముందుకు వెళ్లారు, పోషకాహార లోపం కూడా తగ్గింది. రిజిస్టర్లు రాయడం, బియ్యం తూయడం, బరువులు నమోదు చేయడం మధ్య మన అంగన్‌వాడీ టీచరుకు పిల్లలతో గడపడానికి మిగిలేదెంత? పరిష్కారం అక్కడే ఉందని ఈ ప్రయోగం చెబుతోంది.

ఇక చదవడం. ప్రాథమిక బడి మొత్తానికీ ఇదే గుండెకాయ.

మాట్లాడటం మనిషికి కొన్ని లక్షల ఏళ్ల అలవాటు అయితే, రాత కొన్ని వేల ఏళ్లది. చదవడానికంటూ మెదడులో పుట్టుకతో వచ్చిన చోటు లేదు. ఎడమ పక్క వెనక భాగంలో ముఖాలనూ వస్తువులనూ గుర్తుపట్టే ప్రాంతం ఉంటుంది. చదువు వచ్చేకొద్దీ అందులో కొంత అక్షరాలకు అంకితమవుతుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహేన్ ఈ సంగతిని వివరించారు. 2010లో ఆయన బృందం బ్రెజిల్, పోర్చుగల్‌లలో చదువుకున్నవారినీ, చదువురానివారినీ, పెద్దయ్యాక నేర్చుకున్నవారినీ స్కాన్ చేసి పోల్చింది. పెద్దయ్యాక నేర్చుకున్నవారి మెదడులోనూ ఆ మార్పు కనిపించింది. లక్నో దగ్గరి పల్లెల్లో చదువురాని మహిళలకు ఆరు నెలలు దేవనాగరి నేర్పి, ముందూ వెనకా స్కాన్ తీసిన పరిశోధన 2017లో వెలువడింది. ముప్ఫై ఏళ్లు దాటాక కూడా మెదడు లోతుల్లో మార్పులు వచ్చాయి. వయోజన విద్యను దండగమారి పనిగా చూసేవాళ్లు ఈ ఫలితాన్ని ఒకసారి చూడాలి.

అయితే డెహేన్ లాంటివారి పరిశోధనల్లో ఎక్కువ భాగం ఇరవై ఆరు అక్షరాల లిపుల మీద సాగింది. తెలుగు పిల్లల ముందున్న పని వేరు. మన వర్ణమాలలోనే యాభైకి పైగా అక్షరాలున్నాయి. గుణింతాలు కలిపితే నాలుగు వందలు దాటతాయి. ఆపైన ఒత్తులు, సంయుక్తాక్షరాలు. ఇంత గుర్తుంచుకోవడానికి కాలం పడుతుంది. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన అధ్యయనాలు ఈ విషయంలో మనకు అందరికంటే దగ్గరి దారి చూపిస్తాయి. అక్షర లిపుల్లో పట్టు రావడం ఒకటి రెండు తరగతులతో ముగియదు, నాలుగో తరగతి దాకా, ఆపైనా సాగుతుందని ఆమె తేల్చారు. అక్షరాన్ని మొత్తంగా పట్టుకోవడం ముందు వస్తుంది, అందులోని హల్లునూ అచ్చునూ విడదీసి వినగలగడం మెల్లగా వస్తుంది. హైదరాబాద్‌లో దుగ్గిరాల వసంత తెలుగు చదివే పిల్లల ధ్వని స్పృహ మీద 2004లో అధ్యయనం ప్రచురించారు. ఇలాంటివి తెలుగులో ఇంకా ఎన్నో జరగాల్సి ఉంది. విశ్వవిద్యాలయాల్లో తెలుగు శాఖలూ, మనస్తత్వ శాస్త్ర శాఖలూ కలిసి చేయాల్సిన పని ఇది.

'మిత్రుడు' అనే మాట తీసుకోండి. రెండో తరగతి పిల్లవాడి కన్ను 'మి' దాటగానే 'త' మీద పడుతుంది. దాని పక్కనే కొమ్ము ఉంది, కిందినుంచి చుట్టుకుని క్రావడి ఉంది. కంటికి ఆనిన వరుసలో చదివితే ముందు 'తు', తర్వాత 'ర'. నోరు పలకాల్సిన వరుస వేరు: త్, ర్, ఆఖరున ఉ. అందుకే పిల్లవాడు 'మితురడు' అంటాడు. అది అజాగ్రత్త వల్ల వచ్చిన తప్పు కాదు. తనకు తెలిసిన నియమాన్ని నిజాయితీగా వాడినందువల్ల వచ్చింది. అనుభవమున్న టీచరు ముందు 'త్ర' ఒక్కటీ పలికిస్తుంది, తర్వాత దానికి గుడి ఇచ్చి 'త్రి', కొమ్ము ఇచ్చి 'త్రు' రాయిస్తుంది. నాలుగైదు మాటల్లో అదే కూర్పు చూపిస్తుంది. అలాంటి టీచరు లేని చోట ఆ పిల్లవాడు నాలుగో తరగతికి వచ్చేసరికి మొదటి అక్షరం చూసి మిగతా మాట ఊహించడం అలవాటు చేసుకుంటాడు. చూడ్డానికి చదువుతున్నట్టే ఉంటుంది.

ప్రథమ్ సంస్థ 2024 అసర్ నివేదిక ప్రకారం, దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో ఇది 16.3 శాతం. కోవిడ్ దెబ్బ నుంచి కోలుకుంటున్నందుకు సంతోషించాలి. అయినా నలుగురిలో ముగ్గురు పిల్లలు ఇంకా వెనకే ఉన్నారు. అక్షర లిపికి కావలసిన కాలాన్ని సిలబస్ ఇవ్వకపోవడం దీనికి ఒక పెద్ద కారణమని సోనాలీ నాగ్ పరిశోధన చదివినవారికి అనిపించక మానదు. మూడో తరగతిలో పరిసరాల విజ్ఞానం పుస్తకం తెరిచేసరికి పిల్లలు ధారాళంగా చదువుతారని సిలబస్ నమ్ముతుంది. లిపి నేర్చుకోవడం అప్పటికి సగంలో ఉంటుంది.

రాత సంగతీ ఇక్కడే చెప్పాలి. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో కెరిన్ జేమ్స్ అయిదేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. పిల్లలు కొన్ని అక్షరాలను చూసి సొంతంగా రాశారు, కొన్నిటిని చుక్కల మీద దిద్దారు, కొన్నిటిని కీబోర్డు మీద నొక్కారు. తర్వాత స్కాన్ తీసినప్పుడు, చదవడానికి పనికొచ్చే మెదడు భాగాలు సొంతంగా రాసిన అక్షరాలకు బాగా స్పందించాయి, మిగతా రెండింటికీ అలా స్పందించలేదు. 2012లో ప్రచురించిన ఈ ప్రయోగంలో ఉన్నది పదిహేను మంది పిల్లలే, కాబట్టి దాన్ని శిలాశాసనంగా తీసుకోకూడదు. అయినా ఫలితం మన పలకకూ బలపానికీ అనుకూలంగా ఉంది. వంకరటింకరగా రాసి, చెరిపి, మళ్లీ రాసే స్వేచ్ఛ పలక ఇస్తుంది. ఏడాది పొడవునా చుక్కల గీతల మీద దిద్దించే యూకేజీ వర్క్‌బుక్కులు ఆ స్వేచ్ఛను తీసేసుకుంటున్నాయి. దిద్దించడం మొదటి కొద్ది రోజులకు చాలు.

తరగతి గదిలో ఎక్కువగా అపార్థానికి గురయ్యేది పిల్లల జ్ఞాపకం. 'తెలుగు పుస్తకం లోపల పెట్టి, లెక్కల నోటుబుక్కు తీసి, తేదీ వేసి, బోర్డు మీది రెండో లెక్క ఎక్కించుకుని నా దగ్గరకు తీసుకురండి' అని టీచరు ఒక్క ఊపిరిలో చెబుతుంది. పెద్దవాళ్లకు ఇది ఒకే పని, ఒకటో తరగతి పిల్లలకు అయిదు పనులు. ఆ వయసులో రెండు మూడు సంగతులకు మించి ఒకేసారి మనసులో నిలవవు. సగం మంది తేదీ దగ్గర ఆగిపోతారు. బ్రిటన్‌లో సూసన్ గాథర్‌కోల్ ఏళ్ల తరబడి గమనించింది ఇదే: ఈ పని జ్ఞాపకం బలహీనంగా ఉన్న పిల్లలకు టీచర్లు వేసే ముద్ర 'శ్రద్ధ లేదు', 'చెప్పిన మాట వినడు'. చెప్పాల్సింది ముక్కలు చేసి చెప్పడం, బోర్డు మీద గుర్తుగా రాసి ఉంచడం, పిల్లల చేత ఒకసారి తిరిగి చెప్పించడం ఖర్చులేని మార్పులు. నుదుటి వెనక మెదడు ఇంకా పక్వం కావాల్సి ఉందని తెలిసిన టీచరు ఆరేళ్ల పిల్లలను నలభై నిమిషాలు కదలకుండా కూర్చోమని అడగదు.

ఈ నిగ్రహ శక్తిని ఆటల ద్వారా పెంచవచ్చన్న ఆశ కూడా ఒకప్పుడు బాగా పెరిగింది. 'టూల్స్ ఆఫ్ ది మైండ్' అనే కార్యక్రమం మంచి ఫలితాలిచ్చిందని అడెల్ డైమండ్ బృందం 2007లో రాసింది. తర్వాత పెద్ద ఎత్తున చేసిన పరీక్షల్లో ఆ మేలు అంతగా కనిపించలేదు.

లెక్కల విషయంలో ఢిల్లీ నుంచి వచ్చిన ఫలితం అంతకంటే ఆలోచింపజేస్తుంది. ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తర్ డ్యూఫ్లో, వారి సహచరులు కలిసి 1,540 మంది బడి ఈడుకు రాని పిల్లలతో అంకెలు లేని లెక్కల ఆటలు ఆడించారు. ఏ గుంపులో చుక్కలు ఎక్కువ, ఏ ఆకారం తేడాగా ఉంది వంటివి. పుట్టుకతో వచ్చే పరిమాణ జ్ఞానానికి ఆ ఆటలు పదును పెట్టాయి, ఆ పదును ఏడాది తర్వాతా నిలిచింది. కానీ బడిలో చేరాక అంకెలతో చేసే లెక్కల్లో వాళ్లకు అదనపు లాభమేమీ రాలేదు. ఆటను బడి లెక్కతో కలిపే పని ఎవరో ఒకరు చేతబట్టి చేయాలి. చింతగింజలు పోసి లెక్కించాక ఆ ఎనిమిది గింజల పక్కనే '8' అని రాసే టీచరు ఆ పని చేస్తోంది. కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో సరుకులమ్మే పిల్లల మీద స్పెల్కీ, డ్యూఫ్లో కూడా ఉన్న బృందం 2025లో ప్రచురించిన పనిలోనూ ఇదే ఖాళీ కనిపించింది. నోటి లెక్కతో క్షణాల్లో చిల్లర తేల్చే పిల్లలు కాగితం మీది తీసివేత దగ్గర తడబడ్డారు. బడి పిల్లలకు కాగితం మీది లెక్క వచ్చింది గానీ సంత లెక్క రాలేదు.

మాధ్యమం గొడవ లేకుండా తెలుగు రాష్ట్రాల్లో ఈ చర్చ పూర్తికాదు. ఇంగ్లిషు కావాలని తల్లిదండ్రులు కోరుకోవడం న్యాయమైన కోరిక. ఉద్యోగాలు ఆ భాషలో ఉన్నప్పుడు ఆ కోరికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. రెండు మూడు భాషలను మోయడం పసి మెదడుకు భారమన్న పాత నమ్మకాన్ని కూడా పరిశోధన వదిలేసింది. ఒడిశాలో కుయి, ఒడియా రెండూ వచ్చిన కొంధు పిల్లలు ఒక్క భాషే వచ్చినవారికంటే కొన్ని పరీక్షల్లో ముందున్నారని అజిత్ మహంతి ఎప్పుడో చూపించారు. అసలు చిక్కు, అర్థంకాని భాషలో చదవడం నేర్పడం దగ్గర వస్తుంది. చదవడమంటే అప్పటికే చెవికి తెలిసిన మాటను కంటితో గుర్తుపట్టడం. 'రివర్' అనే మాటను పిల్లవాడు అక్షరాలు కూడబలుక్కుని పలికినా, ఆ మాట ఎన్నడూ వినని చెవికి అందులో నది కనిపించదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నడిపిన ఓచర్ల అధ్యయనం 2015లో వచ్చింది. లాటరీలో ఓచరు దక్కి ప్రైవేటు బడికి వెళ్లిన పల్లె పిల్లలకూ, ప్రభుత్వ బడిలోనే ఉన్న పిల్లలకూ నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ఓచరు పిల్లలు ముందున్నారు. తెలుగు నుంచి ఇంగ్లిషు మీడియానికి మారడం ఇతర సబ్జెక్టుల్లో కొంత నష్టం చేసిందన్న సూచన కూడా అందులో ఉంది. గిరిజన పిల్లలకైతే తెలుగే పరాయి భాష. గోండి, కోయ, కువి, సవర, కొలామి వంటి ఎనిమిది భాషల్లో తొలి తరగతుల వాచకాలు తేవాలని 2004లో ఉమ్మడి రాష్ట్రం పూనుకుంది. దేశంలో అలాంటి ప్రయత్నానికి దిగిన తొలి రాష్ట్రాల్లో మనదొకటి. ఏ ప్రభుత్వం వచ్చినా ఆ పనిని వదలకుండా కొనసాగించాల్సింది. సవర బిడ్డకు మొదటి రోజు బడిలో తన భాషలో పలకరింపు దక్కడం దయ కాదు, హక్కు.

భయం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. భయపడ్డ పిల్లల ఒంట్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరుగుతుంది. నుదుటి భాగం పని మందగిస్తుంది. తెలిసిన జవాబు కూడా నోటికి రాదు. విద్యా హక్కు చట్టం 17వ సెక్షను 2009లోనే బడిలో శారీరక శిక్షను, మానసిక హింసను నిషేధించింది. బెత్తం ఇంకా కనబడే బడి చట్టాన్నీ, శాస్త్రాన్నీ రెండింటినీ ధిక్కరిస్తోంది.

ఇప్పుడు తాలు. ఎడమ మెదడు పిల్లలు, కుడి మెదడు పిల్లలు అనే విభజనకు ఆధారం లేదు. చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు, చేసి నేర్చుకునేవారు అంటూ పిల్లలను విడగొట్టి పాఠం చెబితే ఎక్కువ నేర్చుకుంటారన్న మాటను హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లో సమీక్షించి, నమ్మదగ్గ రుజువు లేదని తేల్చింది. అయినా 2012లో బ్రిటన్, నెదర్లాండ్స్ టీచర్లను అడిగితే తొంభై శాతానికి పైగా ఆ మాటను నమ్ముతున్నట్టు చెప్పారు. మోజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుందన్న ప్రచారానికి మూలం 1993లో 36 మంది కాలేజీ విద్యార్థుల మీద జరిగిన చిన్న ప్రయోగం, అందులో కనిపించిన లాభం పావుగంట కూడా నిలవలేదు. అంత మాత్రానికే అమెరికాలోని జార్జియా గవర్నరు 1998లో పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ ఇవ్వడానికి బడ్జెట్‌లో డబ్బు అడిగారు.

మన ఊళ్లలో ఇంతకంటే హానికరమైనవి నడుస్తున్నాయి. కళ్లకు గంతలు కట్టి రంగులు చదివిస్తామనే 'మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్' శిబిరాలు, వేలిముద్రలు చూసి పిల్లల తెలివితేటలు చెప్పే పరీక్షలు వేలకు వేల రూపాయలు గుంజుతున్నాయి. గంతల పక్కన ముక్కు దగ్గరి సందులోంచి చూడటం తప్ప అందులో విద్య లేదు. అది బయటపడకుండా ఉండాలంటే పిల్లలు అబద్ధం చెప్పాలి. తొమ్మిదేళ్ల బిడ్డకు తల్లిదండ్రులను మోసం చేయడం నేర్పే శిబిరాన్ని చదువు పేరుతో నడవనివ్వకూడదు.

మంచి నమూనాలు మన నేల మీదే ఉన్నాయి. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివర నుంచి చుట్టుపక్కల ఏకోపాధ్యాయ బడుల కోసం రూపొందించిన విధానంలో ప్రతి పిల్లా తన మెట్టు మీద తాను నిలబడి, కార్డులతో, స్నేహితులతో, టీచరు సాయంతో పైమెట్టు ఎక్కుతుంది. చెన్నై నగర పాఠశాలలు 2003లో దాన్ని అందుకున్నాయి, అక్కడి నుంచి తమిళనాడంతా వ్యాపించింది. అప్పట్లో ఎవరూ మెదడు స్కాన్లు చూసి ఆ కార్డులు తయారు చేయలేదు. ఒకే తరగతిలో ఒకే వయసు పిల్లలు కూడా ఒకే వేగంతో నేర్చుకోరని గమనించి చేశారు. ఆ గమనింపు తర్వాత వచ్చిన శాస్త్రానికి సరిగ్గా సరిపోయింది. ప్రభుత్వాలూ ఇప్పుడు ఈ దారికి వస్తున్నాయి. తెలంగాణ 2022 ఆగస్టులో ప్రాథమిక తరగతుల కోసం 'తొలిమెట్టు' కార్యక్రమం మొదలుపెట్టింది. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిపుణ్ భారత్ లక్ష్యం కూడా మూడో తరగతి దాటేలోపు పిల్లలందరికీ చదవడం, లెక్కించడం రావడమే, 2026-27 దానికి గడువు. ఉద్దేశం మంచిదే. చదవడం నేర్పడానికి కావలసిన సమయం యాప్‌లో ఫొటోలు ఎక్కించడానికీ, బేస్‌లైన్, మిడ్‌లైన్ మార్కులు నింపడానికీ పోతే ఆ ఉద్దేశం నెరవేరదు.

ఇంత పరిశోధన చదివాక చేయాల్సిన పనుల్లో కొత్తవి తక్కువ. కడుపు నిండా తిండి, మాటకు మాట చెప్పే పెద్దవాళ్లు, భయం లేని గది, తెలిసిన భాషలో మొదటి వాచకం, అక్షరాలకు మూడు నాలుగేళ్ల వ్యవధి. వీటిలో దేనికీ ఖరీదైన యంత్రం అక్కర్లేదు. కావలసింది తొందర మానడం.

జూన్‌లో బడులు తెరిచే ముందు ప్రతి హెచ్ఎం ఏ తరగతికి ఎవరిని వేయాలో తేల్చుకుంటారు. పదో తరగతి ఫలితాల బెంగతో చేయి తిరిగిన టీచర్లను పై తరగతులకు పంపి, ఒకటి, రెండు తరగతులను మిగిలినవారికి అప్పగించడం ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. ఈ ఏడాది దాన్ని తిరగేయండి. మీ బళ్లో చదవడం నేర్పడం అందరికంటే బాగా వచ్చిన టీచరును ఒకటో తరగతిలో వేయండి, సర్వేలకూ ఇతర డ్యూటీలకూ పంపకుండా ఏడాదంతా అక్కడే ఉంచండి. తల్లిదండ్రులు కూడా యూకేజీ నోటుబుక్కులో ఎన్ని పేజీలు నిండాయని అడగడం మానేసి, రోజూ ఓ అరగంట పిల్లలతో కబుర్లు చెప్పుకోండి.